జడ్జిగారికి ఇల్లు కుదరలేదట

మిరపకోతలు ఇంకా సాగుతుండగా ఒక వాయిదాకి వెళ్లాను. కోర్టు పేరు రాయను, పల్నాడులోదే. నాతో వచ్చిన మనిషిది నల్లమల అంచున ఒక తండా. గృహహింస చట్టం కింద కేసు. భర్తా మరిదీ కలిసి ఇంట్లోంచి గెంటేస్తే ఇద్దరు పిల్లలతో అన్నగారి వసారాలో తలదాచుకుంటోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రొట్టెలు మూటగట్టుకుని, ఆటోలో రోడ్డుకొచ్చి, బస్సెక్కి, పదింటికల్లా కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుంది. పదకొండున్నరకి గుమాస్తా బయటికొచ్చి చెప్పాడు. పాత జడ్జిగారు బదిలీ మీద వెళ్లారు, కొత్తవారు ఇంకా చేరలేదు, ఇన్‌ఛార్జిగారు వేరే ఊళ్లో ఉన్నారు, కాబట్టి అన్నీ వాయిదా.

"కొత్తాయన ఎప్పుడు చేరతారండీ?" అని అడిగాను.

"ఆర్డరైతే వచ్చిందమ్మా. ఇక్కడ ఇల్లు కుదరలేదంట. చూసుకుని చేరతారంట" అన్నాడు.

ఆమె నా మొహంలోకి చూసింది. "ఆయనక్కూడా ఇల్లు లేదా అమ్మా?" అంది. అందులో వెటకారమేమీ లేదు. నిజంగానే జాలిపడింది. ఆ రోజు ఆమె పోగొట్టుకున్నది మిరపకోత కూలి. అదేమో ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్లజూసే కాలం.

ఈ సంగతి మా సంఘం సమావేశంలో చెబితే ముందు నవ్వారు, తర్వాత కోప్పడ్డారు. అంతంత జీతాలు తీసుకునేవాళ్లకి ఇంటద్దె కూడా మనమే కట్టాలా అని ఒక మిత్రురాలు గట్టిగా అడిగింది. న్యాయమూర్తుల ఇళ్లూ, భత్యాలూ, సౌకర్యాల గురించి పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా మనలో చాలామంది ఇలాగే మాట్లాడతాం. నేనూ ఒకప్పుడు మాట్లాడాను. ఇప్పుడు ఆ మాట తప్పని నాకనిపిస్తోంది. తప్పని ఎందుకంటున్నానో, అలా అన్నంత మాత్రాన మన కోపం చల్లారాల్సిన అవసరం ఎందుకు లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పైనుంచి మొదలుపెడతాను. హైకోర్టు న్యాయమూర్తుల జీతభత్యాలకి 1954లో చేసిన చట్టం ఉంది. వాళ్లకి అద్దె లేని అధికార నివాసం ఇవ్వాలి. అందులో ఉండకపోతే ఇంటి అద్దె భత్యం ఇవ్వాలి. 2018లో చట్టాన్ని సవరించినప్పుడు హైకోర్టు న్యాయమూర్తి జీతం నెలకి 2,25,000 రూపాయలైంది. ఇంటి అద్దె భత్యం జీతంలో 24 శాతమని పెట్టారు, అంటే 54,000. వచ్చేపోయేవాళ్ల మర్యాదలకని ఇచ్చే భత్యం 27,000. ఈ అంకెలు విన్న మన కూలి తల్లులకి కళ్లు తిరుగుతాయి. నిజమే. కానీ వీటి పక్కనే రాజ్యాంగంలో ఇంకో మాట ఉంది. 222వ అధికరణం ప్రకారం ఒక హైకోర్టు నుంచి ఇంకో హైకోర్టుకి బదిలీ అయిన న్యాయమూర్తికి, అక్కడ పనిచేసినంత కాలం జీతం కాక పరిహార భత్యం కూడా ఇవ్వాలి. 1956లో ఈ మాటని తీసేశారు. 1963లో పదిహేనో సవరణతో మళ్లీ పెట్టారు. తీసేసినదాన్ని ఏడేళ్లకే తిరిగి పెట్టారంటే అవసరం పడిందనే కదా. ఉన్న ఊరు, ఇల్లు, మనుషుల్ని వదిలి పనిచేయడంలో ఒక నష్టముందని, ఆ నష్టం రాజ్యం భరించాలని రాజ్యాంగమే ఒప్పుకుంది. పరిహారం అనే మాటని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

బదిలీ అంటే ఏమిటో మన హైకోర్టుకి బాగా తెలుసు. 1976లో ఎమర్జెన్సీ రోజుల్లో పదహారుమంది హైకోర్టు న్యాయమూర్తుల్ని దేశం ఆ మూల నుంచి ఈ మూలకి మార్చారు. గుజరాత్ నుంచి జస్టిస్ సంకల్‌చంద్ సేఠ్‌ని హైదరాబాదు పంపారు. మన జస్టిస్ చిన్నపరెడ్డిని పంజాబ్-హర్యానా హైకోర్టుకి పంపారు. సేఠ్ ఉత్తర్వుని కోర్టులో సవాలు చేస్తూనే హైదరాబాదు వచ్చి చేరారు. 1977లో సుప్రీంకోర్టు ఆ కేసులో, న్యాయమూర్తి సమ్మతి లేకుండా బదిలీ చేయవచ్చు గానీ అది ప్రజాహితం కోసమే జరగాలని, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు నామమాత్రంగా ఉండకూడదని చెప్పింది. ఇల్లు కదల్చడం ఎంత మంచి శిక్షో ఏలేవాళ్లకి తెలుసు. ఆడవాళ్లకి అది ఇంకా బాగా తెలుసు. మనల్ని లొంగదీసుకోవాలంటే మొట్టమొదట చేసే పని అదే కదా, బట్టలమూట గుమ్మం బయట పడేయడం.

అందుకే న్యాయమూర్తికి ఇల్లుండాలి, ఆ ఇల్లు ఎవరి దయా కాకూడదు. పల్నాడులాంటి చోట ఇది మరీ అవసరం. మా దగ్గర వర్గాలు, పార్టీలు, ఊరి పెద్దలు ఎలా ఉంటారో బయటివాళ్లకి చెప్పక్కర్లేదు. మాచర్లకో గురజాలకో కొత్తగా ఒక చిన్న జడ్జి వచ్చి అద్దెకి ఇల్లు వెతుక్కుంటే, మంచి మేడ ఎవరిదై ఉంటుంది? సున్నపు బట్టీల యజమానిదో, మిర్చి వ్యాపారిదో, కాంట్రాక్టరుదో. ఆ యజమాని మీదో ఆయన బావమరిది మీదో రేపు కేసు రావచ్చు. అద్దె తగ్గించి ఇచ్చాడంటే అది మర్యాదా, పెట్టుబడా? వసారాలో కాఫీ తాగిన మనిషి బోనులో నిలబడితే జడ్జిగారు ఏంచేయాలి? ఈ ప్రశ్నలు రాకుండా ఉండాలంటే క్వార్టర్స్ కట్టాలి. 1991 నవంబరులో అఖిల భారత న్యాయమూర్తుల సంఘం కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ప్రతి న్యాయాధికారికీ నివాసం ఇవ్వాలనీ, ప్రభుత్వ ఇల్లు లేనిచోట ప్రభుత్వమే ఇల్లు తీసుకుని ఇవ్వాలనీ, 1992 డిసెంబరు ఆఖరుకి అది జరిగిపోవాలనీ ఆదేశించింది. గడువు దాటి మూడు దశాబ్దాలైంది. 2023లో సుప్రీంకోర్టు పరిశోధనా విభాగం వేసిన లెక్కలోనే దేశం మొత్తం మీద జిల్లా న్యాయవ్యవస్థకి 6,021 ఇళ్లు తక్కువని తేలింది.

మా ప్రాంతానికి పొరుగునుంచి వచ్చినవాళ్లకి వసతి కుదరకపోవడం కొత్తేమీ కాదు. శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు మీదా నీటికరువు మీదా విసుర్లు చాలా ఉన్నాయి. కవిసార్వభౌముడికే సన్నబియ్యం పెట్టలేకపోయాం. అయినా ఆయన వెళ్లిపోయాక కూడా ఆ జొన్నలు దంచుకుని, ఆ నీళ్లు మోసుకుని బతికింది ఆడవాళ్లేనన్న సంగతి చాటువుల్లో దొరకదు.

హైకోర్టు సంగతీ అంతే. ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు 1954 జూలై 5న గుంటూరులో మొదలైంది. కోకా సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి. 1956లో అది హైదరాబాదు వెళ్లిపోయింది. మళ్లీ 2018 డిసెంబరు 26న ఉత్తర్వు ఇచ్చి, 2019 జనవరి 1 నుంచి అమరావతిలో పనిచేయమన్నారు. మధ్యలో వారం రోజులైనా లేవు. ఫిబ్రవరి 3న నేలపాడులో తాత్కాలిక భవనం తెరిచారు. న్యాయమూర్తుల కోసం తలపెట్టిన బంగళాల పని 2019 తర్వాత ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఇంత హడావుడిలో న్యాయమూర్తులకి ఎక్కడో ఒకచోట ఇల్లు చూసే బాధ్యత ప్రభుత్వానిది. వాళ్లతోపాటు వచ్చిన టైపిస్టు, అటెండరు పిల్లల బడి సంగతి ఎవరిదో నాకు తెలియదు.

న్యాయమూర్తి అన్నప్పుడు మగమనిషి బొమ్మే మన కళ్లముందుకొస్తుంది. 1978లో జస్టిస్ అమరేశ్వరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి మొదటి మహిళా న్యాయమూర్తి అయ్యారు. ఆ తర్వాత మన దగ్గరి నుంచి జస్టిస్ మీనాకుమారి 2013లో మేఘాలయ హైకోర్టుకి మొదటి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. జస్టిస్ రోహిణి 2014లో ఢిల్లీ హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తిగా వెళ్లారు. ఢిల్లీ నుంచి జస్టిస్ హిమా కోహ్లీ 2021లో తెలంగాణకి వచ్చారు. మగ న్యాయమూర్తి బదిలీ అయితే సామాను కట్టేదీ, కొత్త ఊళ్లో పాలూ బడీ వెతికేదీ భార్య. ఆ పనికి లెక్కలో చోటు లేదు, ఎందుకంటే అది ఉచితంగా దొరుకుతుంది. స్త్రీ బదిలీ అయినప్పుడు మాత్రమే ఇల్లంటే నాలుగు గోడలు కాదని బయటపడుతుంది. జిల్లా న్యాయవ్యవస్థలో స్త్రీలు మూడోవంతు దాటారు. పాతికేళ్ల అమ్మాయి మేజిస్ట్రేటై ముక్కూమొహం తెలియని ఊరికి వెళ్తుంది. ఒంటరి ఆడమనిషికి అద్దెకివ్వం అనే ఇంటివాళ్లు ఆమెకీ ఎదురౌతారు. కోర్టులో అడుగుపెడితే అక్కడి పరిస్థితి ఇంకోటి. 26 శాతం కోర్టు భవనాల్లో స్త్రీలకి వేరే మరుగుదొడ్లు లేవని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారే బహిరంగంగా చెప్పారు. మేజిస్ట్రేటుకి ఛాంబర్లో ఏదో ఒకటి ఉండవచ్చు. వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లు పొద్దుటినుంచీ మంచినీళ్లు తాగకుండా బిగపట్టుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

చిన్న జడ్జీల జీతభత్యాల కోసం రెండు కమిషన్లు పనిచేశాయి. 1996లో జస్టిస్ జగన్నాథ శెట్టి కమిషను, 2017లో మన తెలుగువారైన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి కమిషను. ఈ రెండో కమిషను చెప్పిన భత్యాలని సుప్రీంకోర్టు 2024 జనవరి 4న ఒప్పుకుని, బకాయిలు ఫిబ్రవరి ఆఖరుకల్లా చెల్లించమని రాష్ట్రాలకి గడువు పెట్టింది. ఇంటి అద్దె, ఇంటి సామాను, బదిలీ ఖర్చు, పిల్లల చదువు, కరెంటు, నీళ్లు, పత్రికలు, నల్లకోటు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంటి పనిమనిషి కోసం ఇచ్చే భత్యం కూడా ఉంది. దాన్ని నైపుణ్యం లేని కార్మికుల కనీస వేతనంతో ముడిపెట్టారు. ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, వంటచేసి, పసిపిల్లని చూసుకోవడం నైపుణ్యం లేని పని అని ఎవరు నిర్ణయించారో ఆ నిర్ణయించినవాళ్లు ఒక్కవారం చేసి చూస్తే బావుండును. అయినా, ఆ భత్యం పనిచేసే మనిషి చేతికి పూర్తిగా చేరితే నాకు సంతోషమే.

ఇక్కడిదాకా నేను జడ్జీల పక్షమే మాట్లాడాను. ఇప్పుడు ఆ పరిహారం అన్న మాట దగ్గరికి వద్దాం. ఇంటికి దూరంగా ఉండి న్యాయం కోసం పనిచేసే మనిషికి నష్టం జరుగుతుంది, దాన్ని ఖజానా భరించాలి. ఒప్పుకున్నాం. మరి సాక్షి ఎవరికోసం పనిచేస్తోంది? ఫిర్యాది ఎవరికోసం తిరుగుతోంది?

చట్టం ఈ ప్రశ్నని పూర్తిగా మరిచిపోలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 312వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 350వ సెక్షన్, రెండూ ఒకే మాట చెబుతాయి. కోర్టుకి వచ్చిన ఫిర్యాదికీ సాక్షికీ సమంజసమైన ఖర్చుల్ని ప్రభుత్వం నుంచి ఇప్పించవచ్చు. అయితే కోర్టుకి తగునని తోస్తేనే. న్యాయమూర్తి అద్దె భత్యం ఎవరికో తగునని తోచడం మీద ఆధారపడి లేదు. అది హక్కు. మన బత్తా మాత్రం దయ. సాక్షుల్ని పదేపదే తిప్పి, కూర్చోబెట్టి, తిండి ఖర్చులు కూడా సకాలంలో ఇవ్వకుండా పంపేస్తున్నారని 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తానే బాధపడింది. బాధపడి పాతికేళ్లయింది. నేను ఇన్నేళ్లుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాను. బత్తా అడిగిన ఆడమనిషిని గుమాస్తాలూ ప్లీడర్లూ ఎలా చూస్తారో నాకు తెలుసు. న్యాయం కోసం వచ్చావా, డబ్బుల కోసమా అంటారు. ఆ ప్రశ్న పై అంతస్తులో ఎవరినీ అడగరు.

దయని హక్కుగా మార్చిన చోటు ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో పదకొండోది మన కార్యకర్తలందరికీ కంఠతా రావాలి. బాధితురాలికీ, ఆమె మీద ఆధారపడినవాళ్లకీ, సాక్షులకీ రానూపోనూ ఖర్చులివ్వాలి. ఇంటికి దూరంగా ఉన్న రోజులకి, విచారణకైనా దర్యాప్తుకైనా, వ్యవసాయ కూలీల కనీస వేతనానికి తగ్గకుండా రోజు ఖర్చు ఇవ్వాలి. తిండి ఖర్చు వేరే. స్త్రీ అయితే తనకి నచ్చిన మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, ఆ తోడుకీ ఖర్చులివ్వాలి. ఇది చదివినప్పుడల్లా నాకు 222వ అధికరణం గుర్తుకొస్తుంది. ఒకటి న్యాయపీఠం మీద ఉన్నవారికి, రెండోది బోనులో ఉన్నవారికి. రెంటిలోనూ ఉన్నది ఒకే న్యాయం. మరి ఈ నిబంధనలో చెప్పిందే గృహహింస, వరకట్నం, మనోవర్తి, అత్యాచారం కేసులన్నిటికీ ఎందుకు ఉండకూడదు? నాతో వచ్చిన మనిషి గిరిజనురాలే. కానీ ఆమెని గెంటింది సొంత భర్త కాబట్టి, సొంత కులంవాడు కాబట్టి, ఆ నిబంధన ఆమెకి వర్తించదు. ఖర్చు మాత్రం అదే ఖర్చు.

ఖర్చంటే బస్సు టికెట్టని అనుకుంటారేమో. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మనకి టికెట్టు లేదు. మంచిదే, అది మన వాయిదాలకి నిజంగా కలిసొచ్చింది. కానీ మాచర్ల నుంచి గుంటూరు వెళ్లే రైలుంది గానీ నరసరావుపేట వేరే లైనులో ఉంది, బస్సే గతి. తండా నుంచి రోడ్డుకొచ్చే ఆటో ఉచితం కాదు. పోయిన కూలి ఉచితం కాదు. సాయంత్రం అయిదింటికి కేసు పిలిస్తే ఆఖరి బస్సు దాటిపోతుంది. రెంటచింతల ఎండలో పసిపిల్లనెత్తుకుని వచ్చిన మనిషి ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? న్యాయమూర్తులకి అతిథిగృహాలున్నాయి. మన మనుషులు బస్టాండు బెంచీల మీద పడుకుంటారు, లేకపోతే మాలాంటివాళ్ల ఇళ్లకి వస్తారు. మా ఇంట్లో చాపలు ఎన్నున్నాయో లెక్కలేదు.

గృహహింస చట్టం 19వ సెక్షన్ చదివితే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తాయి. బాధితురాలికి ఆమె ఇదివరకు ఉన్న ఇంటి స్థాయిలోనే ఇంకో వసతి ఏర్పాటు చేయమనో, లేదా దాని అద్దె కట్టమనో మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఇల్లివ్వు, లేదా అద్దె ఇవ్వు. అచ్చం 1954 చట్టం భాషే! తేడా ఒక్కటే. అక్కడ ఇచ్చేది ఖజానా, ఒకటో తారీఖుకి ఇస్తుంది. ఇక్కడ ఇవ్వాల్సింది ఇంట్లోంచి గెంటినవాడే. వాడు ఇవ్వకపోతే మళ్లీ కోర్టు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు వేయాలని, అరవై రోజుల్లో కేసు తేల్చడానికి ప్రయత్నించాలని అదే చట్టంలో ఉంది. ఆ అరవై రోజుల లెక్క జడ్జిగారి బదిలీ దగ్గర ఆగిపోతుంది. అందుకే జడ్జిగారికి ఇల్లుండాలని నేను అనేది. ఆయన ఇంటికోసం ఆగిన ప్రతి రోజూ ఈమె వసారాలో ఇంకో రోజు.

న్యాయమూర్తే దూరం నడిచిన సందర్భం మన పక్కనే ఉంది. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. బాధితులు గుంటూరు వెళ్లి సాక్ష్యం చెప్పబోమని, కోర్టే మా ఊరు రావాలని ఏళ్లతరబడి పోరాడారు. చివరికి ప్రత్యేక కోర్టుని చుండూరులోనే పెట్టారు. 2007 జూలై 31న ఆ ఊళ్లోనే తీర్పు వచ్చింది, 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ గాయం వేరే. కానీ సాక్షి తన ఇంటినుంచి నడిచి వెళ్లి సాక్ష్యం చెప్పి, సాయంత్రానికి తన పొయ్యి దగ్గరికి రావడం సాధ్యమేనని చుండూరు చూపించింది. అలా పంపిన న్యాయాధికారికి ఇల్లూ కారూ కాపలా భత్యం, ఎంతైనా ఇవ్వండి, ఒక్కరూ కాదనరు. 2008 గ్రామ న్యాయాలయాల చట్టం కూడా న్యాయాధికారి ఊళ్లకి వెళ్లి విచారణ జరపాలనే చెప్పింది. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి మండలాల తండాలకి నెలకొక్కసారి ఒక జడ్జి వస్తే ఎన్ని కూలిరోజులు మిగులుతాయో లెక్కవేయండి.

అందుచేత మన సంఘాలు జడ్జీల భత్యాల మీద వెటకారాలు మాని, ఆ తీర్పునే మనకి పత్రంగా వాడుకోవాలి. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది. కలెక్టరాఫీసు నరసరావుపేటకి వచ్చింది. పదకొండో నిబంధన కింద ఖర్చులిప్పించాల్సింది కలెక్టరు, ఆర్డీవో, తహసీల్దార్లే, కాబట్టి అర్జీ పెట్టడానికి ఇక గుంటూరు దాకా పోనక్కర్లేదు. ఏ కేసులో ఎంతమందికి ఎంత ఇచ్చారని సమాచార హక్కు కింద అడగండి. మిగిలిన కేసుల్లో ప్రతి వాయిదాకీ 350వ సెక్షన్ కింద బత్తా అర్జీ పెట్టండి. గృహహింస కేసులో అర్జీదారు ఫిర్యాది కిందికి రాదని ఎవరైనా వాదించవచ్చు. వాదించనీండి, ఉత్తర్వు రాసి కొట్టేయనీండి, పైకి వెళ్దాం. స్త్రీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలోనే ఉంది, ప్లీడరు ఖర్చు లేదు.

మేం మొదలుపెట్టాం. నాతో వచ్చిన మనిషికి వచ్చే వాయిదాకి బత్తా అర్జీ రాశాం. అచ్చు ఫారమేమీ లేదు, తెల్లకాగితం మీద నేనే రాశాను. ఆటో ఎంత, కోత కూలి ఎంత, తోడు మనిషి కూలి ఎంత, అన్నీ ఆమె వేళ్లమీద లెక్కపెట్టి చెప్పింది. ప్రస్తుత నివాసం అన్నచోట ఏం రాయమంటావని అడిగాను. కాసేపు ఆలోచించింది. "మా అన్న వసారా అని రాయమ్మా. ఇల్లని రాస్తే వదిన ఊరుకోదు" అంది.